పాదాలు పట్టే కొలువు

పండగ రోజుల్లో హునిడ్ పొద్దున్నే రెండు పనులు చేసేది. ముందు ఆవుల్ని పితికేది. తర్వాత చేతులకు బాతుకొవ్వు రాసుకుని, పొయ్యి పక్కన కూర్చుని అరచేతులు వెచ్చబెట్టుకునేది. చల్లటి చేతులతో పట్టుకుంటే రిరిద్ దొరకు చక్కిలిగింతలు. నిండుసభలో దొర ఇకిలిస్తే చూసేవాళ్ళకు బాగుండదు కదా.

ఆమెది పాదాలు పట్టే కొలువు. పొవిస్ రాజ్యం పడమటి కొండల్లో దొరలు చిన్నవాళ్ళే గాని కొలువులకు మాత్రం లోటుండదు. గుర్రాలకొకడు, వేటడేగలకొకడు, తలుపుకొకడు. విందు మొదలైంది లగాయతు దొర పడగ్గదికి వెళ్ళేదాకా ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం హునిడ్ పని. దొర ముందు మొదటి దీపం ఆమే వెలిగించాలి, ఆయన పళ్ళెంలోంచే తినాలి. అందుకు ప్రతిఫలంగా కొండ వాలులో పన్నులేని పొలం తాతల నాటినుంచి వాళ్ళింటికి ఉంది.

ఆమె తండ్రి ఐనియన్‌కు మోకాళ్ళు పట్టేశాక ఆ కొలువు కొడుకు హూవకు రావాల్సింది. కానీ హూవ ఒక్కచోట కుదురుగా కూర్చునే రకం కాదు. హార్ప్ అనే తీగల వాద్యం వీపున కట్టుకుని పెళ్ళిళ్ళకీ సంతలకీ తిరిగేవాడు. చట్టంలో మగవాడనే ఉన్నా, సీమ తీర్పరి గడ్డం గోక్కుని, పాతకథల్లో రాజుల పాదాలు పట్టింది కన్నెపిల్లలే కదా అని హునిడ్‌కి ఇప్పించాడు. అప్పటికి ఆమె కన్నెపిల్లా కాదు, సన్నపిల్లా కాదు. మొగుడు పోయిన మనిషి, విశాలమైన ఒడి. దొరకు అదే హాయిగా ఉండేది.

పాదాలు పట్టుకోవడం ఎందుకంటే, ఆ వంశంలో మగవాళ్ళు పొగిడితే తేలేవాళ్ళు. కవి లేచి "కొండలకు వెన్ను" అన్నాడంటే దొర పీట మీంచి జానెడు లేచేవాడు. "సముద్రానికి గట్టు" అంటే మూరెడు. అప్పుడు పనివాళ్ళు దీపం పక్కకు జరిపేవాళ్ళు, కుక్కలు కాస్త ఎడంగా పడుకునేవి, దొరసాని గెనెరిస్ ఆయన అంగీ అంచును తన తొడ కింద నొక్కిపెట్టి తాపీగా మాంసం కోసుకునేది. దొర ముత్తాత ఒక ఈస్టర్ విందులో పట్టుకునే దిక్కులేక కప్పులో పొగ పోయే కంతలోంచి వెళ్ళిపోయి, మూడో ఊళ్ళో పాదిరిగారి కూరమళ్ళలో దిగాడట. ఆ పాదిరి నలిగిన మొక్కల గురించి తప్ప మరో మాట అడగలేదట.

కొత్తవాళ్ళు ఈ కొలువుకు కండబలం కావాలనుకునేవాళ్ళు. అది కాదు. గట్టిగా పట్టుకుంటే పాదం కందుతుందే గాని దొర దిగడు. నిజం చెప్పాలి, అదీ చిన్నది, పాదానికి మాత్రమే వినపడేట్టు. ఐనియన్ కూతురికి నేర్పిన విద్య అది. కవి గొంతు పైకెత్తగానే హునిడ్ తల వంచి, "గడ్డానికి గంజి అంటుకుంది దొరా" అని గొణిగేది. దొర మెల్లిగా పీట మీదికి వచ్చి గడ్డం తుడుచుకునేవాడు. "నిన్న గుర్రం ఎక్కడానికి వెనకనుంచి తోయాల్సొచ్చింది" అంటే ఇంకాస్త గట్టిగా కూర్చునేవాడు. కూరలో ఉప్పు లెక్కే. చిటికెడు ఎక్కువైతే దొర దభీమని పడతాడు, నడుం పట్టేస్తుంది.

ఆ ఏడు పెంతెకొస్తు పండగ ఎండ కాసిన రోజున వచ్చింది. మధ్యాహ్నం పూజ కాగానే విందు మొదలైంది. పొద్దు ఎంతకీ కుంకని కాలం, తేనెకల్లుకు కొదవలేదు, వేటమాంసం మెత్తగా ఉడికింది. అందరూ హాయిగా ఉన్నారు. ఆస్థాన కవి ఇథెల్ తన చెక్కుడు కుర్చీలోంచి లేచి రివాజు ప్రకారం మొదటి పాట దేవుడి మీద పాడాడు. రెండోది దొర మీద పాడాలి. ఈలోగా దగ్గు తెర ఒకటి పట్టుకుంది. ఆయన అరవై దాటిన మనిషి, ఆ కుర్చీ తప్ప లోకంలో ఆయనకు వేరే ఇల్లు లేదు. దొరసాని తేనె నీళ్ళు తెప్పించి, అందాకా హూవను ఒక పాట అందుకోమంది.

హూవ ఈ మాట కోసం ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉన్నాడు. హార్ప్ తీగలు మీటి దొర వంశం ఎత్తుకున్నాడు. ముత్తాత, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ గుర్రాలు, అన్నీ సక్రమంగానే వచ్చాయి. తర్వాత దొర తాత సెలివ్. ఏ కవి అయినా సెలివ్ దగ్గర ఒకే మాట చెబుతాడు. నల్లవాగు యుద్ధానికి సీమలోని మగవాళ్ళంతా వెళ్ళారు, తిరిగి వచ్చింది సెలివ్ ఒక్కడే. ఆ మాటకు దొర ఎప్పుడూ మూరకు తక్కువ లేచేవాడు కాదు. అక్కడితో ఆపి తండ్రి మీదికి వెళ్ళిపోవడం కవుల పద్ధతి.

హూవ కవుల దగ్గర నేర్చుకోలేదు. వాళ్ళ నాయనమ్మ వెన్న చిలుకుతూ పాడుతుంటే నేర్చుకున్నాడు. వంటింట్లో ఆ పాటకు ఇంకా చరణాలున్నాయి. తిరిగి ఎలా వచ్చాడో ఉంది. అది సభలో ఎవరూ పాడరన్న సంగతి హూవకు ఎవరూ చెప్పలేదు. సెలివ్ కత్తి పారేశాడు, డాలు పారేశాడు, చెప్పులు కూడా వదిలేశాడు, ఆయన పరుగు ముందు జింక వెనకబడింది, గాలి రొప్పింది అని గొంతెత్తి పాడాడు. అంతకన్నా గొప్ప పొగడ్త లోకంలో లేదనే అనుకున్నాడు పాపం.

మూరెడు ఎత్తున ఉన్న దొర రాయిలా పడ్డాడు. పీట కాలు విరిగింది. సభ ఘొల్లున నవ్వింది.

నవ్వు ఆగాక అందరికీ భయమేసింది. పండగ సభలో దొరను నవ్వులపాలు చేయడం అక్కడ చిన్న నేరం కాదు. దానికి పరిహారం దొర ముఖమంత వెడల్పు బంగారు పళ్ళెం. ఈ మధ్య దొర ముఖం కూడా బాగా వెడల్పయింది. అది ఇచ్చుకోలేకపోతే పాడినవాడు చెరలోకి, వాడి రక్తబంధువుల పశువులూ పొలమూ దొర స్వాధీనంలోకి. అంటే ఐనియన్ ముసలాడు ఎండ కాచుకునే గుమ్మం, హునిడ్ పొద్దున్నే పితికే ఆవులు, అన్నీ. పాట ఇంకా సగమే అయిందని హూవ ఏదో చెప్పబోయాడు గాని వినేవాళ్ళు లేరు. కార్యస్థుడు తలుపు దగ్గరి భటులకు సైగ చేశాడు.

హునిడ్‌కు తమ్ముణ్ణి ఒక్కటి పీకాలనిపించింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, దొర పాదాలను రెండు చేతుల్తో ఒళ్ళోకి లాక్కుంది.

"దొర పాదాలు నా ఒళ్ళో ఉన్నాయి. నా తమ్ముడు నా అభయంలో ఉన్నాడు" అంది.

అందరూ తీర్పరివైపు తిరిగారు. దొర కొలువులో ప్రతివాళ్ళకూ ఇంత అభయం ఇచ్చే హక్కుంది గాని దాన్ని వాడుకున్నవాళ్ళను చూసినవాళ్ళు తక్కువ. తీర్పరి కళ్ళు మూసుకుని చట్టం నెమరేసుకున్నాడు. వంటవాడి అభయం మొదటి ముక్క పొయ్యి మీద పడ్డప్పటినుంచి చివరి ముక్క దొర ముందు పెట్టేదాకా. పాదాలు పట్టేవాళ్ళది, పాదాలు ఒళ్ళోకి వచ్చింది మొదలు దొర పడగ్గదికి పోయేదాకా. అంతవరకూ ఆ మనిషిని ఎవరూ తరమకూడదు, తాకకూడదు. హెలిగ్ ఏరు దాటి పొరుగు దొర సీమలో కాలుపెట్టాడా, నేరం ఇక్కడే సమసిపోతుంది. మధ్యలో పాదాలు ఒడి దాటి పోయాయా, అభయం కూడా పోయినట్టే.

"ఏరు ఎంత దూరం?" అని ఎవరో అడిగారు. మామూలు మనిషికైతే చీకటి పడేలోగా చేరేంత దూరమని, హూవకైతే తెల్లారుతుందని ఇంకెవరో అన్నారు. హూవ బొద్దు మనిషి. పైగా హార్ప్ వదిలి రాడు.

వాడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"పొగుడుతున్నాననే అనుకున్నానక్కా."

"తెలుసురా. నడువు."

వాడు వెళ్ళాడు. దొర మాత్రం కుతకుతలాడిపోతున్నాడు. నడుం నొప్పి, మొహం ఎర్రగా కందిపోయింది, లేచి వెళ్ళి పడుకోవాలని ఉంది. కానీ పండగ పూట ఆస్థాన కవి తన పాట పాడకుండా దొర పీట వదలడం ఎక్కడా లేదు. దాంతో అందరి చూపూ ఇథెల్ మీదికి మళ్ళింది.

ఇథెల్‌కు దగ్గు తగ్గిపోయింది. వంటింటి పాట పాడినవాడికి సభ ఇలా తలుపు తీస్తే రేపు తన కుర్చీ ఎవరిదన్న దిగులు ఆయనకు పట్టుకుంది. అభయం పోగొట్టడానికి, పాట ముగించి దొరను పడగ్గదికి పంపడం ఒక దారి. అంతకన్నా దగ్గరి దారి ఇంకోటి ఉంది. పాదాలు ఒడి దాటేలా దొరను లేపితే సరి. ఆయన గొంతు సవరించుకుని తన జన్మలో ఎన్నడూ పాడనంత బాగా పాడాడు.

హునిడ్ కూడా ఆ మాట ఒప్పుకునేది, తర్వాత ఎవరడిగినా. ఆ పాటలో పదాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయి. విరిగిన పీట దగ్గర చిన్నబోయి కూర్చున్న మనిషికి ఆ పొగడ్త దాహానికి నీళ్ళలా తగిలింది. దొర లేచాడు. జానెడు, మూరెడు, నిలువెత్తు. దొరసాని తొడ కిందినుంచి అంగీ అంచు జారిపోయింది.

"ఎడమ మడమ పగిలింది దొరా" అంది హునిడ్. దొర కాస్త ఆగాడు. మళ్ళీ లేచాడు. పొద్దున దొరసానితో గొడవపడి అలిగి గుడ్డు తినకుండా వచ్చారని గుర్తుచేసింది. పోయిన శీతాకాలం పొట్టేలుకు జడిసి గోడెక్కింది గుర్తుచేసింది. ఏదీ ఆనలేదు. ఆమె కూర్చున్న పీట కిందనే ఉండిపోయింది. మోకాళ్ళు మడిచి ఒడి ఒడిలాగే ఉంచుకుని, దొర పాదాలు కరుచుకుని, ఆమె కూడా లేచింది. వెన్న పళ్ళెం పట్టుకుని అటుగా పోతున్న వంటమనిషి, "హునిడ్, నీ చెప్పు జారింది" అని దాన్ని తీసి గోడవార పెట్టింది.

తీర్పరి తల పైకెత్తి చూస్తున్నాడు. "ఒళ్ళోనే ఉన్నాయి" అని ప్రకటించాడు. కాసేపాగి మళ్ళీ, "ఇంకా ఒళ్ళోనే" అన్నాడు.

వాసాలు దగ్గరపడ్డాయి. మసి వాసన వేస్తోంది. బాతుకొవ్వు రాసిన చేతులు కదా, ఒక పాదం సగం జారింది. కింద ఇథెల్ చివరి చరణానికి ఊపిరి తీసుకుంటున్నాడు. చిన్న నిజాలు ఇక చాలవని హునిడ్‌కు అర్థమైంది. పెద్దది చెబితే దొర ఇంత ఎత్తునుంచి పడతాడు, తనూ పడుతుంది. అయినా ఆమెకు మరో దారి లేదు. మాటను ఎలా చెబితే బరువు తెలియకుండా దిగుతుందో ఆలోచించే వ్యవధి కూడా లేదు. నాయనమ్మ చెప్పినట్టే చెప్పింది.

"తమ్ముడి పాట సగంలో ఆగింది దొరా. మిగతాది వినండి. మీ తాత పరిగెత్తింది నిజమే. అప్పుడు మీ నాయనమ్మకు నెలలు నిండాయి. తను కూడా చస్తే బిడ్డ మొహం చూసేవాడు లేడని పరిగెత్తాడు."

 దొర లేవడం ఆగింది.

"ఈ సావిడి తలుపు తీసింది మా నాయనమ్మ. ఇక్కడ పాలు పితికే పిల్ల. ఆయన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు తీసింది. తెల్లారేదాకా తీస్తూనే ఉంది. పక్కగదిలో పసిబిడ్డ ఏడుపు వినపడిందట. మీ నాన్నగారు. అప్పుడు మీ తాత కూడా ఏడ్చాడట దొరా, కాళ్ళు అలాగే ఆమె ఒళ్ళో ఉంచుకుని. మా ఇంటికి ఈ కొలువు అలా వచ్చింది. ఆడదాని పేరున ఇవ్వడం కుదరదని, తర్వాత ఆమెను కట్టుకున్న మా తాతకు ఇచ్చారు. మీ తాత పరిగెత్తకపోతే మీరు లేరు, ఈ విందూ లేదు."

చెబుతూ చెబుతూ ఆమె కూడా కళ్ళు తుడుచుకోలేక అవస్థపడింది. చేతులు ఖాళీ లేవు మరి.

దొర పడలేదు. నానిన ఉన్నిలా నెమ్మదిగా బరువెక్కి, ఇథెల్ చివరి చరణం పాడుతుండగానే కిందికి దిగాడు. ఆయనతోపాటు హునిడ్ కూడా దిగి తన పీట మీద కూర్చుంది. ఇథెల్ ఆయన్ని సూర్యుడన్నాడు, గద్ద అన్నాడు, వెయ్యి ఈటెల అడవి అన్నాడు. దొర వెంట్రుకవాసి కూడా కదలలేదు. పాట అయ్యాక, "బాగా పాడావు ఇథెల్, మనసారా చెబుతున్నా. కూర్చుని తిను, చల్లారిపోతోంది" అన్నాడు. ఇథెల్ కుర్చీ ఇథెల్‌దే అని కూడా అన్నాడు, ఎవరూ అడక్కుండానే. ముసలాయన కూర్చుని నిజంగానే తిన్నాడు.

ఇప్పుడు దొర లేచి పడుకోవడానికి వెళ్ళవచ్చు. కార్యస్థుడు దీపం పట్టుకుని నిలబడ్డాడు కూడా. దొర వెళ్ళలేదు. ఆ వంటింటి పాట ఇంకా ఎవరికి వచ్చని అడిగాడు.  చేతులు తుడుచుకుంటూ ఒక ముసలి వంటమనిషి వచ్చింది, ఆమె వెనక ఉన్ని దువ్వే ఇద్దరు ఆడవాళ్ళు. తలా ఒక ముక్క పాడారు. సెలివ్ ఒక పందుల దొడ్డిలో దాక్కున్న చరణం ఉంది, ఆయన భార్య "కత్తి ఏమైంది?" అనకుండా "తిన్నావా?" అన్న చరణం ఉంది. దానికి దొరసాని చప్పట్లు కొట్టింది. దొర తినడం మానేసి విన్నాడు. ఇన్నేళ్ళుగా ఆయనకు ఆ తాత పేరు వింటే తేలడమే తెలుసు. ఆ తాతకు అరికాళ్ళున్నాయని, వాటిలో ముళ్ళు గుచ్చుకున్నాయని ఆ పూటే తెలిసింది. వింటూ వింటూ పీట మీదే నిద్రపోయాడు.

కార్యస్థుడికి నియమం ప్రకారం జరగకపోతే నిద్రపట్టదు. దొరను పడగ్గదికి చేర్చమని నలుగురు భటుల్ని పిలిచాడు. వాళ్ళు చంకల కింద చేతులు వేసి ఎత్తబోయారు. దొర కదల్లేదు. ఇంకో నలుగురు వచ్చారు. ఏళ్ళ తరబడి అంగీ అంచుతో ఆపగలిగిన మనిషి, ఆ పూట తిరగలి రాయికన్నా బరువున్నాడు. ఒకడికి వీపు పట్టేసింది. దొరసాని విసుక్కుని, నిద్రపోయే మనిషిని పీకొద్దని అందర్నీ పంపేసి ఆయన మీద తన శాలువా కప్పింది. హునిడ్ ఒళ్ళో మాత్రం ఆ పాదాలు పాదాలంత బరువే ఉన్నాయి. ఆమె గోడకు ఆనుకుని, వాటిని అటూ ఇటూ జరగనివ్వకుండా, తమ్ముడు ఇప్పుడు ఏ వాలులో నడుస్తున్నాడో అనుకుంటూ కునికింది.

తెలవారుతుండగా దొర కళ్ళు తెరిచాడు. సావిడి ఖాళీగా ఉంది. కుక్కలు ఒళ్ళు విరుచుకుంటున్నాయి. ఆయన తన పాదాలవైపు చాలాసేపు చూశాడు.

"మీవాడు ఏరు దాటి ఉంటాడా?"

హునిడ్ అబద్ధమాడలేదు. అలవాటు లేదు.

"వాడి నడకకు ఇంకా దాటి ఉండడు దొరా. ఎండ పడమటి కొండ దిగేదాకా పడుతుంది."

గుమ్మం అవతల కార్యస్థుడు అప్పుడే నిద్రలేచి, పడగ్గది తలుపు తెరిచి నిలబడ్డాడు. దొర అటు చూసి, ఇక్కడికే రొట్టె, వెన్న తెప్పించమన్నాడు. వచ్చాక రొట్టె తుంచి సగం హునిడ్‌కు ఇచ్చాడు. ఆమె ఆకలి మీద ఉంది, తింది.

ఆ వేళకు హూవ హెలిగ్ ఏటి మధ్యలో, మోకాలి లోతు నీళ్ళలో, హార్ప్ నెత్తిన పెట్టుకుని జారుడు రాళ్ళ మీద ఒక్కో అడుగే వేస్తున్నాడు. చెప్పులు చేత పట్టుకున్నాడు, తడుస్తాయని. తొందరపడాలని వాడికి తెలుసు గాని కాళ్ళకు తెలియలేదు. ఇక్కడ సావిడిలో ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కార్యస్థుడు ఒకసారి దగ్గాడు. దొర పాదాలు తీయలేదు. తినడం అయిపోయినా, ఎండ కొండంతా దిగి పొలాల మీద పరుచుకున్నా, ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.